టెస్టర్‌ని ఎవరు చంపుతారు?

ఆఫీసు డాబా మీంచి పడి చనిపోయినవాడు ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్. కాలు జారిందన్నారు పోలీసులు. డాబా పిట్టగోడ మాత్రం అతని ఛాతీ ఎత్తుంది.

"టెస్టర్‌ని ఎవరు చంపుతారు సార్?" అడిగింది ఏజెంట్ సూది. డిపార్ట్‌మెంట్‌లో ఆమెకి అదే పేరు.

"ఏదో కనిపెట్టి ఉంటాడు," అన్నాడు చీఫ్. "ఆ కంపెనీ రైల్వే సిగ్నళ్ళకి కొత్త సాఫ్ట్‌వేర్ రాసింది. ఒక విదేశీ ముఠా అందులో వేలు పెట్టిందని అనుమానం. ప్రారంభోత్సవం రేపే. నువ్వు అతని కుర్చీలో కూర్చో. లోపల మన మనిషి ఉంది. సాఫ్ట్‌వేర్ విడుదల చూసే రిలీజ్ మేనేజర్. కోడ్‌నేమ్ నెమలి."

మర్నాడు సూది వదులు చొక్కా, మందపాటి కళ్ళద్దాలతో టెస్టర్ అయిపోయింది.

కంపెనీ ఛైర్మన్ ఆమెని కూర్చోమని కూడా అనలేదు. "చూడమ్మా, టెస్టింగ్ శుద్ధ దండగ. మావాళ్ళు తప్పులు రాయరు. ఉంటే గింటే వాడేవాళ్ళే ఫోన్ చేసి చెప్తారు."

"రైళ్ళు గుద్దుకున్నాక చేస్తారా సార్?"

ఆయన పగలబడి నవ్వాడు. జోకనుకున్నాడు పాపం! టెస్టర్ల టీమ్ మొత్తాన్నీ ఇంటికి పంపి ఒక్కణ్ణే మిగిల్చిన ఘనుడు. ఆ ఒక్కడూ పోతే అతని కుర్చీలో అట్టపెట్టెలు పేర్పించాడు. ఇలాంటివాణ్ణి లొంగదీయడానికి లంచం ఎందుకు, కాస్త పొగిడితే చాలదూ అనుకుంది సూది.

కారిడార్‌లో నెమలి ఎదురైంది. నీలం సిల్కు బ్లౌజు, ఖరీదైన సెంటు. అద్దాల గదుల్లోంచి తలలన్నీ అటే తిరిగాయి.

"బయట ఎండ మండిపోతోంది," అంది సూది.

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను." గుర్తుమాటలు కలిశాయి. నెమలి గొంతు తగ్గించింది. "నేనంతా చూశాను. కోడ్ శుభ్రంగా ఉంది. ఊరికే శ్రమపడకు."

సూది ల్యాబ్‌లోకే వెళ్ళింది. గోడ నిండా బోర్డు. గీతలు పట్టాలు, చిన్న దీపాలు సిగ్నళ్ళు. ఉన్న టెస్టులన్నీ చక్కగా పాసయ్యాయి. మరీ చక్కగా! అప్పుడామె, అలసిపోయిన స్టేషన్ మాస్టర్ చేయగల పిచ్చిపని చేసింది. బోర్డు మీది రైలు స్టేషన్లోకి సగం వచ్చాక దాని రూటు రద్దు చేసి, కంగారుపడ్డట్టు మళ్ళీ నొక్కింది.

ఒకే లైనుకి రెండు కొసలా పచ్చదీపాలు వెలిగాయి.

చచ్చిపోయినవాడు చూసింది ఇదే. సరిగ్గా ఇలాగే నొక్కడానికి ముఠా మనిషి ఏదో స్టేషన్లో కూర్చునే ఉంటాడు.

"కనిపెట్టేశావా?" వెనక నెమలి. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. "అతనూ నీలాగే మొండి."

"నువ్వా! ఎప్పట్నించి?"

"మొదట్నించీ. పెద్దగా కష్టపడలేదులే. నాలుగు లైన్ల కోడ్ పెట్టాను. టెస్టింగ్ దండగని ఛైర్మన్ చెవిలో ఊదాను. మిగతాదంతా ఆ మహానుభావుడే చేశాడు."

సూది కళ్ళద్దాల కాడ నొక్కింది. ఫ్లాష్! నెమలి కళ్ళు బైర్లు కమ్మాయి, గుండు పైకప్పులో దిగింది. మరుక్షణం ఆమె నేల మీద ఉంది, కంప్యూటర్ కేబుల్‌తో చేతులు వెనక్కి కట్టేసి.

సూది కింది అంతస్తులో ప్రారంభోత్సవం జరుగుతున్న కంట్రోల్ రూమ్‌లోకి దూసుకెళ్ళింది. కెమెరాల ముందు ఛైర్మన్ టై సవరించుకుంటున్నాడు. తెర మీద మొదటి రైలు కదిలింది. ఎదురుగా, అదే లైను మీదికి, రెండోది.

"పాత సాఫ్ట్‌వేర్‌కి మార్చండి! వెంటనే!"

ఆపరేటర్ ఒక మూలకి వేలు చూపించాడు. "దానికో బటన్ ఉందండీ. ఎప్పుడూ నొక్కి చూడలేదు." నొక్కాడు. ఏమీ కాలేదు.

"చిన్న బగ్ కోసం టీవీలో నా పరువు తీస్తారా?" ఛైర్మన్ అరిచాడు.

సూది ఆయన్ని పక్కకి తోసి, గోడ మీది మెయిన్ స్విచ్ కిందికి లాగింది. గదంతా చీకటి. ఇక్కణ్ణించి సంకేతాలు ఆగిపోతే దారిపొడవునా సిగ్నళ్ళు వాటంతటవే ఎరుపుకి మారతాయి. పాతతరం ఇంజనీర్లు అలా కట్టి, లైనంతా తిరిగి పరీక్షించి మరీ వెళ్ళారు.

బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేంత దగ్గర్లో రైళ్ళు ఆగాయి.

సాయంత్రం చీఫ్ ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. ఛైర్మన్ పత్రికలకి పంపిన ప్రకటన. 'వందలాది ప్రాణాలు నిలిచాయంటే, అది మా నాన్యతా ప్రమాణాల వల్లనే.'

"ఏమంటావ్?"

"నాణ్యతలో అక్షరం తప్పుంది సార్," అంది సూది. "పంపేముందు దీన్నీ ఎవరూ చదివి చూసినట్టు లేదు."