శనివారం పొద్దు గుంకాక

న్యూలండన్ రేవులో శనివారం మధ్యాహ్నం ఓ శవం తేలింది. కస్టమ్స్ గుమాస్తాది. మందుగుండు నింపుకున్న అమెరికా ఓడ ఒకటి ఆదివారం తెల్లవారుజామున దొంగచాటుగా సముద్రంలోకి జారుకుంటుందని ఊళ్లో తెలిసినవాళ్లు ఇద్దరే: ఆ గుమాస్తా, గడియారాల వ్యాపారి వేషంలో తిరుగుతున్న వాషింగ్టన్ సర్కారు గూఢచారి పేటన్. ఆ ఓడ మీద పేటన్ తమ్ముడున్నాడు.

గుమాస్తాతో వారంగా చనువుగా తిరిగింది మిసెస్ ఫేన్. వాషింగ్టన్ జీతం, ఇంగ్లీషువాళ్ల బంగారం రెండూ తినే అందగత్తె. ఆమె బండి పడవరేవు దారి పట్టిందని తెలిసి పేటన్ గుర్రం కోసం సత్రానికి పరుగెత్తాడు. ఆవిడ రేవు దాటితే, బయట కాచుకున్న ఇంగ్లీషు నౌకలకు కబురు అందినట్టే.

సాయం అడిగితే ఎవడొస్తాడు? దేశం పుట్టి నిండా నలభై ఏళ్లు లేవు, అప్పుడే ఉత్తరానిదో మాట, దక్షిణానిదో మాట. ఇంగ్లండుతో ఈ యుద్ధం పేరెత్తితే ఉత్తరాదిలో మా కనెటికట్ వాళ్లకు ఒళ్లు మంట. పేటన్ నోట దక్షిణాది వర్జీనియా యాస విని సత్రంవాడు గుర్రం ఇవ్వడానికే మొహం చిట్లించాడు.

రేవు కనబడుతుండగా పొద్దు గుంకింది. ఎవరో కళ్లెం పట్టి ఆపారు. చర్చి పెద్ద డీకన్ ఎలిఫలెట్, ఆదివారపు విశ్రాంతి దినం మీరేవాళ్లను పట్టుకునే ఊరి కావలి. మా దగ్గర ఆ దినం శనివారం పొద్దు గుంకగానే మొదలు. ప్రయాణం నేరం.

పేటన్ ఓడ సంగతి, తమ్ముడి సంగతి అంతా కక్కేశాడు. గూఢచారి చేయకూడని పనే, ఇంకేం చేస్తాడు పాపం.

"అది మీ దక్షిణాదివాళ్లు తెచ్చిన యుద్ధం బాబూ. దిగు."

అంతా అయిపోయిందనుకున్నాడు. కోటులో పిస్తోలుంది గానీ ముసలాయన మీదికి ఎత్తడానికి చేతులు రాలేదు. చటుక్కున రేవు వైపు చూపించాడు.

"మరి ఆ బండి మాటేమిటండీ?"

డీకన్ పరుగు తీశాడు. అప్పటికే మిసెస్ ఫేన్ ఒక కాలు పడవలో పెట్టింది.

"ఇవాళ ఇంకా శనివారమే కదండీ," అని నవ్వింది. ఇంగ్లండులో పెరిగిన మనిషి, మా లెక్క ఆమెకేం తెలుసు. ఆయన కదలకపోయేసరికి గొంతు తగ్గించింది. "మీకూ ఈ యుద్ధం గిట్టదు, నాకూ గిట్టదు. మనం ఒకే పక్షం. పోనివ్వండి."

"యుద్ధం సంగతిలో ఒకే పక్షమేనమ్మా. విశ్రాంతి దినం సంగతిలో కాదు. దిగండి."

ఇద్దరినీ చెరో గదిలో పెట్టి తాళం వేశారు. తెల్లారేసరికి ఓడ జారుకుంది. తర్వాత ఇద్దర్నీ ప్రార్థన మందిరంలో ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు. పాస్టరుగారు యుద్ధాన్నీ, తెచ్చినవాళ్లనూ రెండు పూటలా తిట్టిపోశారు. మిసెస్ ఫేన్ పళ్లు కొరుకుతూ కిటికీలోంచి ఖాళీ రేవును చూస్తోంది. పేటన్ మాత్రం, పాస్టరుగారు ఊపిరి కోసం ఆగినప్పుడల్లా, ఓడ అందనంత దూరం పోయేదాకా ఇంకాస్త తిట్టించమని దేవుణ్ణి వేడుకున్నాడు.