అత్తయ్య చెప్పిన జవాబులు

"అత్తయ్యా, నిన్న రాత్రి ఏం తిన్నారు?" కాఫీ గ్లాసు పక్కకు జరిపి, కాగితం మీద పెన్ను ఆనించి అడిగింది కోడలు.

"రెండు రొట్టెలు, కప్పు కూర, కాస్త పెరుగు." అత్తగారు తడుముకోలేదు.

"ఇంత ఠక్కున మా ఆఫీసులో కూడా ఎవరూ చెప్పరు!"

"ఊళ్ళోవాళ్ళ నడుం కొలతలన్నీ నోటికి చెప్పిన దర్జీదాన్ని. నా రొట్టెలు నాకు గుర్తుండవా?"

ఆ ప్రాంతం జనం ఏం తింటారో, ఎంత తింటారో తెలుసుకునే ప్రశ్నావళి తయారుచేయడం కోడలి ఉద్యోగం. జనం నోటితో చెప్పినదాన్ని, వాళ్ళ ఇళ్ళలో తూచి చూసిన తిండితో పోల్చి, ప్రశ్నలు పనికొస్తాయో లేదో తేల్చాలి. ఏ ప్రశ్న రాసినా ముందు అత్తగారిని అడిగి చూడటం ఆమెకు అలవాటు.

అత్తగారు చక్కెర జబ్బు మాత్ర వేసుకుని స్నానానికి లేచింది. నాలుగడుగులు వేసిందో లేదో, గోడ పట్టుకోబోయి కుప్పకూలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు సూది పొడిచి చూసి మొహం చిట్లించాడు. "చక్కెర బాగా పడిపోయింది. రాత్రి ఏం తిన్నారు?"

"రెండు రొట్టెలు, కూర, పెరుగు," అంది కోడలు వెంటనే.

"అవన్నీ తింటే ఇంతలా పడిపోదమ్మా."

అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది. కొడుకు మంచం మీదికి వంగాడు. "అమ్మా, నిజం చెప్పు."

"పెరుగొక్కటే తిన్నాన్రా. కట్టుడు పళ్ళు వదులై చిగుళ్ళు ఒరుసుకుపోయాయి. చాలా రోజులైంది. రొట్టె నమల్లేక కవర్లో చుట్టి పారేస్తున్నా."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు అత్తయ్యా? రోజూ అడుగుతూనే ఉన్నాగా!"

"నువ్వు అడిగితే సరైన జవాబు చెప్పాలనిపిస్తుందమ్మా," అంది అత్తగారు నెమ్మదిగా. "తప్పు చెప్తే నలుగురిలో నవ్వులపాలే కదా."

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. మొన్నామధ్య ఆఫీసువాళ్ళు ఇంటికి భోజనానికొచ్చారు. "మా అత్తయ్య చక్కెర మానేశానంటారు, డబ్బా మాత్రం ఖాళీ అవుతుంటుంది. చక్కెర దొంగ! మన ప్రశ్నావళికి అసలు పరీక్ష ఇలాంటివాళ్ళే," అంటూ వాళ్ళను నవ్వించింది తను. అరటిపళ్ళ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ అత్తగారూ నవ్వింది. ఆ నవ్వు చూసి అత్తయ్య సరదాగానే తీసుకున్నారనుకుంది కోడలు.

వరండాలోకి రాగానే భర్త విరుచుకుపడ్డాడు. "ఇంట్లో మనిషిని పట్టుకుని అందరి ముందూ దొంగంటావా?"

"అన్నాను. నువ్వూ పడీపడీ నవ్వావు." ఆమె అక్కడున్న బెంచీ మీద కూర్చుంది. "జవాబు ఏదైనా మొహం మారకూడదని పనిలోకొచ్చిన ప్రతివాళ్ళకీ నేనే నేర్పిస్తాను. ఒకసారి నొచ్చుకుంటే ఆ మనిషి ఇక నిజం చెప్పదని కూడా చెప్తాను. అన్నీ తెలిసి అత్తయ్యని ఇలా చేశాను."

అతను వచ్చి ఆమె పక్కనే బెంచీ మీద కూలబడ్డాడు.

సాయంత్రం కోడలు ఇంటికెళ్ళి పలచగా జావ కాచి తెచ్చింది. గిన్నె పక్కన పెట్టి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది అత్తయ్యా. నవ్వుల కోసం మీ పరువు తీశాను. క్షమించండి."

"పోనీలే తల్లీ. చక్కెర తిన్నమాట నిజమే కదా."

"తింటే తిన్నారు. పదిమందిలో చెప్పడానికి నేనెవర్ని?" కళ్ళు తుడుచుకుని చెంచాతో జావ పట్టింది. "రేపే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. జావ ఎలా ఉంది?"

అత్తగారు జావ మింగి, కోడలి మొహంలోకి భయంభయంగా చూసింది. అక్కడ కన్నీళ్ళు తప్ప వెక్కిరింపేమీ కనిపించలేదు.

"చెప్పనా? అస్సలు బాగోలేదే. గోడకు కొట్టే సున్నంలా ఉంది."

కోడలు ఏడుస్తూనే ఫక్కున నవ్వి, అత్తగారి భుజం మీద తల వాల్చేసింది.