వంకరపోయిన కడీలు

"నడుమ కడీలు మన దిక్కు జరిగినయే," అన్నాడు కుర్మయ్య, చాయ్ గ్లాసు అందుకుంటూ.

పొయ్యి దగ్గరున్న శివమ్మ వెనక్కి తిరిగింది. "ఏ కడీలు?"

"ఏ కడీలేంది? చేన్ల హద్దుకు పాతిన రాళ్లు. మొన్న సక్కగుండె. ఇయ్యాల సూస్తే నడుమ నాలుగైదు మన దిక్కు ఉబ్బినట్టు వచ్చినయి. ఎవడో పీకి జరిపిండు."

"ఎవడు జరుపుతడయ్యా?"

"ఇంకెవడు? అవతల చేను ఎవనిదో వానికే గద లాభం."

శివమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. అవతలి చేను సోమయ్యది. సోమయ్య కుర్మయ్యకు సొంత తమ్ముడు. తండ్రి చనిపోయినప్పటి నుంచి అన్న చేతుల మీద పెరిగినవాడు. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకుని గోడ అవతలే ఉంటున్నాడు. ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. అన్నకు జ్వరమొస్తే బండి ఆపేసి ఇంట్లో కూర్చునే మనిషి.

ఎయిర్‌పోర్టు వచ్చిన ఈ నాలుగేళ్లలో తుక్కుగూడ అవతల వాళ్ల ఊరి భూములు సగం ప్లాట్లయిపోయాయి. అన్నదమ్ములిద్దరూ అమ్మలేదు. ఎవరి వాటా వాళ్లకు తెలియాలని ఆ ఎండాకాలం సర్వేయర్‌ను పిలిపించి, రెండు చేల మధ్య రాతి కడీలు పాతించారు. ఆ రోజు వరుస చూసింది కుర్మయ్యే. ఎడమ కంట్లో ఎప్పటినుంచో పొర ఉంది కాబట్టి దాన్ని మూసి, కుడి కన్నుతో గురి చూస్తూ ఒక్కో రాయినీ నిలబెట్టించాడు. ఊళ్లో ఎవరు గోడ కట్టినా, కంచె వేసినా వరుస చూడమని ఆయన్నే పిలిచేవారు.

శివమ్మ చేను దగ్గరికి వెళ్లి చూసింది. "సక్కగనే ఉన్నయి గదయ్యా!"

"నీకేం ఎరుక? నా కండ్ల ముంగట వంకర కనవడ్తుంటే."

రెండు రోజులకు ఆ వంకర ఇంకాస్త పెరిగింది. కుర్మయ్య ఒక్కో కడీ దగ్గరా వంగి నేల తడిమాడు. మట్టి గట్టిగా ఉంది. మొదళ్లలో గడ్డి మొలిచి అలాగే ఉంది. తవ్విన జాడ లేదు. గడ్డి కదలకుండా రాయి ఎలా కదిలింది? ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అంతుపట్టని కొద్దీ తమ్ముడి మీద కోపం పెరిగింది.

ఆదివారం పెద్దమనుషుల్ని చేనుకు పిలిచాడు.

"అన్నా, నన్ను దొంగ అంటున్నవా?" సోమయ్య ముందుకొచ్చాడు.

"నేనంటలే. రాళ్లంటున్నయి."

"అయితే రాళ్లనే అడుగుదాం. తాడు తెండి!"

సోమయ్య మొదటి కడీకి తాడు కట్టాడు. పెద్దమనుషుల్లో రాములు రెండో కొస పట్టుకుని చివరి కడీ దాకా వెళ్లి బిగించి లాగాడు. తాడు ప్రతి రాయినీ ఆనుకుని నిలిచింది.

"కుర్మయ్యా, ఒక్క రాయి గూడ పక్కకు లేదు," అన్నాడు రాములు.

కుర్మయ్య అలవాటుగా ఎడమ కన్ను మూసి చూశాడు. తాడు నడుమ భాగం పాములా మెలికలు తిరిగి ఉంది.

"వంగింది! తాడు గూడ వంగింది!" అని అరిచాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. సోమయ్య భార్య భాగ్యలక్ష్మి కొంగు నడుముకు దోపుకుంది. "ఏంది బావా, రాళ్లు జరిపినమంటివి. ఇప్పుడు గుంజి పట్టిన తాడును గూడ మంత్రమేసి వంచినమా?"

కుర్మయ్యకు చెమట పట్టింది. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తువ్వాల కుడి కన్ను మీద ఉన్నప్పుడు పొర పట్టిన ఎడమ కంటికి తాడు కనిపించింది. మసకగా ఉంది. కానీ సూటిగా ఉంది.

తువ్వాల తీశాడు. వంకర. మళ్లీ పెట్టాడు. సూటి.

తప్పు రాళ్లది కాదు. తాడుది కాదు. మరి బాగా కనిపించే కన్ను అబద్ధం చెప్తుంటే, పొర కన్ను నిజం చెప్పడమేమిటి?

"ఒంట్ల బాగలేదు. ఇంకోసారి సూద్దాం," అని గిరుక్కున తిరిగి నడిచాడు.

"పదిమందిల దొంగను చేసి, తేల్చకుంట పోతున్నవేంది అన్నా?" వెనకనుంచి సోమయ్య అరిచాడు. కుర్మయ్య ఆగలేదు.

ఆ రోజు నుంచి, రెండు వాటాల మధ్య గోడకు ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు మూతపడింది. వారం గడిచి, రెండో వారం వచ్చింది. ఒక మధ్యాహ్నం శివమ్మ లోపలికి వస్తూ గుమ్మంలో ఆగిపోయింది. కుర్మయ్య దర్వాజా ఎదుట నిలబడి ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను మూసుకుంటున్నాడు.

"ఎన్ని దినాల సంది ఈ ఆట?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. కాసేపటికి మంచం మీద కూలబడ్డాడు. "కుడి కన్నుతోని సూస్తే దర్వాజా వంకర. పొద్దటి సంది నీ మొకం నడుమ నల్లటి మరక. ముక్కు కనవడ్తలేదే నాకు."

"అయ్యో! మరి ఎవరికీ చెప్పవా? సోమయ్యకు చెప్పవా?"

"ఏమని చెప్పాలె? నిన్ను దొంగ అన్నది నా కన్ను అనా? ఇగ ఊళ్లె నాకేం విలువుంటది?"

శివమ్మ వెళ్లి మూసిన తలుపు మీద రెండు చేతులతో బాదింది. "సోమయ్యా! మీ అన్న కన్ను పోతున్నదిరా!"

తలుపు తెరుచుకుంది. సోమయ్య విన్నాడు. కారు తాళాలు తీసుకున్నాడు.

కంటి దవాఖానలో డాక్టరమ్మ మందు చుక్కలు వేసి, కంటి లోపలి ఫొటోలు తీయించింది. తెరమీద సన్నటి పొరలు, వాటి నడుమ ఒక గుట్ట.

"ఇది మీ కుడి కంటి లోపల, వెనకవైపు ఉండే పొర. మనం చూసేది దీని మీదే పడుతుంది. దీని కింద ఉండకూడని చోట కొత్త రక్తనాళాలు పెరిగాయి. వాటిలోంచి నీరు, రక్తం కారి పొర ఉబ్బింది. అందుకే సూటిగా ఉన్నది మీకు వంకరగా కనిపిస్తోంది."

కుర్మయ్య అయోమయంగా చూశాడు. "కొత్తగ మొలుస్తున్నయంటే మంచిదే గద మేడం? పెరిగితే చూపెట్ల పోతది?"

"ఇవి బలం లేని నాళాలండి. పెరిగేకొద్దీ కారుతూనే ఉంటాయి. అవి పెరగకుండా కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తాం. ఒకటితో అయిపోదు, నెలనెలా రావాలి."

"మునుపటి లెక్క కనవడ్తదా?"

"ఉన్న చూపు నిలబెట్టడం మొదటి పని. కొంత మెరుగవ్వొచ్చు. వంకర మొత్తం పోతుందని మాత్రం మాట ఇవ్వలేను. ఎడమ కంట్లో శుక్లం తర్వాత తీస్తాం. ఆ చూపు బాగానే వస్తుంది." ఆమె ఫొటో వైపు మళ్లీ చూసింది. "వంకర కనిపించిన వెంటనే వచ్చుంటే బాగుండేది. ఈ రక్తం కొత్తగా కారింది, ముందే వస్తే ఆగేదేమో."

ఇంజెక్షన్ ఇచ్చే ఆపరేషన్ గది బయట బల్ల మీద అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. కుర్మయ్య తల దించుకున్నాడు.

"తాడు కాడనే తెలిసెరా నాకు. సిగ్గుకు చెప్పలే. నాకు తగిన శాస్తే అయింది."

సోమయ్య రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"నేను గూడ సూసిన అన్నా."

"ఏంది?"

"తువ్వాల పెట్టుడు, తీసుడు. నీ కంట్ల ఏందో అయిందని నాకు అప్పుడే సమజైంది. దవాఖానకు పోదాం పా అని నోటి దాక వచ్చింది. దొంగ అన్నవన్న కోపానికి ఊకున్న. కానీయ్, పడనీయ్ అనుకున్న. నన్ను సాదినోని కన్ను పోతుంటే తలుపేసుకొని కూసున్న అన్నా!"

కుర్మయ్య తల ఎత్తాడు. తమ్ముడి వైపు తిరిగాడు. ఆ మొహం నడుమ కూడా నల్లటి మరకే. చేయి చాచి ఆ మరక ఉన్నచోట తడిమాడు. చెంపలు తడిగా తగిలాయి.

"ఫోన్ కలుపు," అన్నాడు.

"ఎవరికి?"

"రాములన్నకు. చెవి కాడ పెట్టు."

అవతల రాములు పలకగానే కుర్మయ్య గొంతు సవరించుకుని, బల్లల మీద కూర్చున్నవాళ్లంతా తిరిగి చూసేలా గట్టిగా చెప్పాడు. "రాములన్నా, నా తమ్ముడు రాయి జరపలే. జరిగింది నా కన్ను. తెలిసి గూడ దాచిన. తప్పంత నాదే. ఆ రోజు వచ్చినోళ్లందరికీ గిదే మాట చెప్పు."

"తప్పంత నీదే అంటవేంది?" సోమయ్య ఫోన్ లాక్కోబోయాడు. "నేనేం జేసిన్నో గది గూడ చెప్పాలె గద!"

కుర్మయ్య అతని చేయి గట్టిగా పట్టుకున్నాడు. "గది మనింట్ల ముచ్చట. ఊరికెందుకు?"

అప్పుడే సిస్టర్ తలుపు తీసి పేరు పిలిచింది. సోమయ్య అన్నను భుజం పట్టి లేపాడు. ఏడుపు ఆపుకోలేక, గుమ్మం దాకా ఆ భుజం వదల్లేకపోయాడు.