అద్దంలో ఎర్ర కోటు

చరితకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తను చూడని ఆ ఒక్క నిమిషంలో కిట్టుకు ఏదైనా అవుతుందని.

కిట్టుకు పది నెలలు. వాడు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంది. వెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టి, మళ్ళీ వచ్చి చూస్తుంది. ఈలోపు పాలు పొంగుతాయి. భర్త రేవంత్ పొద్దున ఏడింటికి ఆఫీసుకు వెళితే సాయంత్రం దాకా ఇంట్లో తనూ వాడే. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయి చదువు ఆగిపోయింది. అందుకని లోకంలో తల్లులందరికీ తెలిసినదేదో తనొక్కదానికే తెలియదని ఆమె అనుమానం.

వాళ్ళుండేది కెనడాలోని కనాటా అనే ఊళ్ళో, బాలత్రిపురసుందరి గారింటి బేస్‌మెంట్‌లో. దానికి ఉన్న పెద్ద కిటికీ ఒక్కటే, అదీ నేలకు జానెడు ఎత్తులో. అందులోంచి చూస్తే మనుషులు కనబడరు, వాళ్ళ పాదాలు కనబడతాయి. పాదాల వెనకాల పక్కింటి ఆర్‌వీ చక్రం. మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ లోపలే ఉన్న బస్సంత బండి అది. ఇంట్లోకి రావలసిన ఎండంతా ఆ చక్రమే తాగేస్తుంది.

అందుకే ఈ ప్రేమకథ చరితకు మొదట పాదాలుగానే తెలిసింది.

ఏప్రిల్ మొదటి వారం. మంచు కుప్పలు నల్లబడి కరుగుతున్నాయి. కిటికీలో ముందు నాలుగు బుల్లి కాళ్ళు కనబడ్డాయి. అవి సుందరి గారి కుక్కపిల్లవి. పేరు సున్నుండ. అది ఆర్‌వీ చక్రం దగ్గర ఆగి, వాసన చూసి, తీరిగ్గా కాలెత్తింది. దాని వెనకే నీలం బూట్లు. అవి సుందరి గారివి. ఎదురుగా గబగబా రెండు గోధుమరంగు బూట్లు వచ్చాయి.

"మేడమ్, అది మా ఇల్లండీ. గోడ కాదు."

"మీ ఇల్లు అదిగో, అటుంది కదండీ."

"ఇదీ ఇల్లే. చక్రాలున్న ఇల్లు."

"నెలల తరబడి కదలకుండా నిలబడితే దానికేం తెలుస్తుందండీ, పసిది. గోడే అనుకుంటుంది."

గోధుమరంగు బూట్లు కుక్కపిల్ల వైపు తిరిగాయి. తర్వాత, "దాని పేరేంటి?" అన్నాయి.

"సున్నుండ."

"లడ్డూ అని పెట్టుంటే పిలవడానికి తేలిగ్గా ఉండేది."

"మాది కాకినాడండీ. మాకు సున్నుండే తేలిక."

కిట్టు ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చున్న చరితకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

గోధుమరంగు బూట్ల ఆయన అమరేశ్వరరావు గారు. అరవై ఎనిమిదేళ్ళు. టెలికామ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక ఆరు వేసవులు భార్యతో కలిసి ఆ బండిలో దేశమంతా తిరిగారు. నాలుగేళ్ళ కిందట ఆవిడ పోయారు. అప్పటినుంచి బండి ఇంటి పక్కనే ఉంది. సుందరి గారికి అరవై రెండు. రెజైనాలో ముప్ఫై ఏళ్ళు గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి, రిటైరై, కిందటి శరదృతువులో ఇక్కడ ఇల్లు కొనుక్కుని వచ్చారు. భర్త పోయి పన్నెండేళ్ళు.

వారం తర్వాత ఆయనే వచ్చి తలుపు తట్టారు. వాన పడుతోంది. చరిత కిట్టును ఎత్తుకుని పైన సుందరి గారి వంటింట్లో ఉంది.

"మీతో చిన్న పని పడిందండీ," అన్నారాయన గుమ్మంలోనే నిలబడి. "బండి బయటికి తీసి ఇంజను చూసుకోవాలి. రివర్సులో తియ్యాలంటే వెనక ఒక మనిషి ఉండాలి."

"నాకు డ్రైవింగే సరిగ్గా రాదండీ."

"నడిపేది నేనే. మీరు ఊరికే నిలబడాలి. ఎడమ వైపు అద్దంలో నాకు కనబడాలి, అంతే."

"కనబడకపోతే?"

"కనబడకపోతే నేను బండి ఆపేస్తాను. మాకదే రూలు. వెనక మనిషి అద్దంలో లేకపోతే ఆగాలి, దిగాలి, వెళ్ళి చూడాలి. చూశాక మళ్ళీ ఎక్కాలి."

ఆయన 'మాకు' అన్నారు. ఆ మాటలో ఇంకో మనిషి ఉందని ముగ్గురికీ తెలుసు. ఆరు వేసవులు ఆ అద్దంలో నిలబడిన మనిషి.

సుందరి గారు గొడుగు తీసుకున్నారు.

ఆ రోజు చరిత కిందికి వచ్చి తన కిటికీలోంచి చూస్తూనే ఉంది. చక్రం కదిలింది. సుందరి గారు చేతులు ఊపీ ఊపీ గొడుగు వదిలేశారు. ఆయన ఆపి, దిగి, ఆ గొడుగు తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. రెండు జతల బూట్లు, మధ్యలో మూడడుగుల వెడల్పున నీళ్ళు. ఆ తర్వాత ప్రతి ఆదివారం బండి తీసి, మళ్ళీ అక్కడే పెట్టేవారు. ఇంకో ఆదివారానికి ఆ మూడడుగులు రెండయ్యాయి. ఆ పై ఆదివారానికి సున్నుండ పడుకునేంత జాగా మిగిలింది. కొలిచినట్టు దాని మధ్యలోనే పడుకుంది అది.

"ఈసారి వచ్చేటప్పుడు ఎర్రదేదైనా వేసుకోండి," అన్నారాయన ఒకరోజు. "మీరు ఎర్రదాంట్లో బాగా కనబడతారు."

ఆ సాయంత్రమే సుందరి గారు బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చారు, ఒంటి మీద ధర చీటీ కూడా తీయని ఎర్ర రెయిన్‌కోటు.

"చరితా, నిజం చెప్పు. ఈ వయసులో ఇది మరీ ఎక్కువగా ఉందా?"

"మస్తుగుంది ఆంటీ. పెళ్ళికూతురు లెక్క ఉన్నరు."

"పోవే," అన్నారు గానీ, అద్దం ముందు నుంచి కదలలేదు. పోతూ పోతూ ఉయ్యాల వైపు చూశారు. "ఎన్నిసార్లు చూశావు వాణ్ణి ఈ గంటలో?"

"లెక్కపెట్టలే ఆంటీ."

"ఆయన రూలు విన్నావుగా. చూశాక మళ్ళీ ఎక్కాలి. చూశావు కదా, ఇక వెళ్ళి నాలుగు ముద్దలు తిను."

చరిత తిన్నది. మధ్యలో లేచింది ఒక్కసారే.

మే నెల రెండో వారంలో ఆ కోటు సంగతి బయటపడింది. ముగ్గురూ వాకిట్లో టీ తాగుతున్నారు. సున్నుండ కిట్టు సాక్సు నములుతోంది. చరిత ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ కుక్కపిల్లనే చూస్తోంది. సందర్భం వచ్చి, "ఆంటీకి ఎరుపు మంచిగుంటది కదా అంకుల్," అంది.

"ఎరుపు నాకు మంచిదమ్మా," అన్నారాయన తేలిగ్గా. "రెండు కళ్ళలోనూ కాటరాక్టు. తెల్లవన్నీ పొగమంచులా, బూడిదరంగువన్నీ రోడ్డులా కనబడతాయి. అద్దంలో ఎరుపొక్కటే నిలబడుతుంది."

సుందరి గారు కప్పు కింద పెట్టారు. ముఖం ఏమీ మారలేదు. కానీ కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నారు.

"మరి ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా అంకుల్?" అంది చరిత, ఎలాగైనా మాట మార్చాలని.

"చేయించుకున్నాక నెల రోజులు రోజుకు నాలుగుసార్లు కంట్లో చుక్కలు వెయ్యాలంట. నా చెయ్యి వణుకుతుంది. సగం బుగ్గ మీదే పడతాయి. అందుకే దేశానికి అటు చివరున్న బర్నబీ వెళ్ళిపోతున్నా. మా తమ్ముడు ఉన్నాడు అక్కడ. ఈ ఇల్లు అద్దెకిచ్చేసి, ఇక అక్కడే. వచ్చే శనివారం, లాంగ్ వీకెండ్‌లో బయల్దేరతా."

"బండిలోనా?" అన్నారు సుందరి గారు. "ఈ కళ్ళతోనా?"

"పగలు మాత్రమే నడుపుతా."

"నాలుగు వేల కిలోమీటర్లు పైగా."

"ఇదివరకు నడిపిన దారేనండీ."

"అప్పుడు వెనక మనిషి ఉంది," అన్నారావిడ. లేచి కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన తెల్లమొహం వేసుకుని ఖాళీ చేతుల వంక చూసుకున్నారు. "నేనేమన్నానమ్మా తప్పు?"

చరిత ఖాళీ అయిన కుర్చీ వైపు చూసింది. ఎర్ర కోటు అందులోనే ఉండిపోయింది.

ఆ వారమంతా కిటికీలో నీలం బూట్లు ఆగలేదు. సున్నుండను లాక్కుంటూ సాగిపోయేవి. గోధుమరంగు బూట్లు మాత్రం రోజూ చక్రం దగ్గరికి వచ్చి, అటు తిరిగి, ఇటు తిరిగి, వెళ్ళిపోయేవి. చక్రం పోతే తన ఇంట్లోకి ఎండ వస్తుందని ఇన్ని నెలలుగా ఎదురుచూసిన చరిత, ఇప్పుడు అది కదలకుండా ఉంటే బాగుండునని కోరుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగేసింది. "ఆంటీ, పోవద్దని చెప్పొచ్చు కదా."

సుందరి గారు కూర తరగడం ఆపలేదు. "ఏ వరసన చెప్పనే?"

చరిత ఆలోచించింది. అక్కా కాదు, చెల్లీ కాదు, వదినా కాదు. పక్కిల్లు అనేది వరస కాదు. వరస లేని మనిషిని ఆగమని అడిగే నోరు తమలో ఎవరికీ ఉండదని ఆమెకు తెలుసు.

"ఆయనకు తెలియదా ఆంటీ?"

"కళ్ళు కనబడవుగా," అన్నారు సుందరి గారు, కొంచెం నవ్వి. ఉల్లిపాయలు తరుగుతున్నారు కాబట్టి ఆవిడ కళ్ళ గురించి చరిత ఏమీ అనుకోలేదు. అనుకోకూడదని అనుకుంది.

శనివారం పొద్దున సన్నగా తుంపర. రేవంత్ సామాను ఎక్కించడానికి సాయం చేసి, తాళాలు సరిచూడటానికి పక్కింటి లోపలికి వెళ్ళాడు. అమరేశ్వరరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి పక్కన నిలబడ్డారు. ఆఖరిసారి రివర్సులో తియ్యాలి. వెనక మనిషి కావాలి. అడగడానికి నోరు రావడం లేదు.

సుందరి గారి తలుపు తెరుచుకుంది. ఎర్ర కోటు, మెడ దాకా గుండీలు పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఎక్కండి," అన్నారావిడ. "ఆలస్యమవుతుంది."

ఆయన ఏదో అనబోయి ఎక్కారు. ఆవిడ చరిత దగ్గరికి వచ్చి, ఏమీ అడగకుండా సున్నుండను తెచ్చి చేతుల్లో పెట్టారు. కుక్కపిల్లంటే కొరుకుతుందేమోనని ఇన్నాళ్ళూ ముట్టుకోని చరిత, స్ట్రోలర్ పక్కన బిగుసుకుపోయి నిలబడింది. అది వెచ్చగా ఉంది. దాని గుండె తన గుండె కన్నా వేగంగా కొట్టుకుంటోంది.

సుందరి గారు వెళ్ళి బండికి ఎడమ వైపు వెనకాల నిలబడ్డారు. చెయ్యి ఎత్తి ఊపారు. ఇంజను గుర్రుమంది. చక్రం ఒక్క చుట్టు తిరిగింది. వానలో ఆ ఎరుపు అద్దం నిండా ఉండి ఉంటుంది. ఇంకో అర చుట్టు.

అప్పుడు సుందరి గారు చెయ్యి దించారు. నెమ్మదిగా, కావాలని, రెండడుగులు పక్కకు వేశారు. ఇంకో అడుగు. ఇక ఆవిడ ఏ అద్దంలోనూ ఉండరు. అక్కడ నిలబడి కోటు జేబుల్లో చేతులు పెట్టుకున్నారు.

బండి ఆగిపోయింది. వెనక లైట్లు రెండూ ఎర్రగా వెలిగాయి.

చరిత సున్నుండను దగ్గరికి హత్తుకుంది. తలుపు తెరుచుకుంది. అమరేశ్వరరావు గారు మెట్లు చూసుకోకుండా దిగి, వానలో తడబడుతూ పరుగెత్తుకొచ్చారు. వంగి చక్రాల కింద చూశారు, రెండు చేతులూ నేల మీద ఆనించి. "సున్నుండ... సున్నుండ ఏదీ? కింద పడిందా? సుందరీ..."

గారు లేదు. మేడమ్ లేదు. ఆ పేరు ఆయన నోట్లోంచి అలా రావడం చరిత మొదటిసారి విన్నది. ఆయనా మొదటిసారే విన్నట్టున్నారు.

"సున్నుండ చరిత దగ్గరుంది," అన్నారావిడ.

ఆయన లేచారు. మోకాళ్ళ నిండా బురద. "మరి మీకేమైంది? కాలు జారిందా?"

"నాకేమీ కాలేదు."

"మరి పక్కకెందుకు వెళ్ళారు?"

"మీరు ఆగుతారో లేదో చూద్దామని."

ఆయన కళ్ళజోడు తీసి, తడి చొక్కాతోనే తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆవిడ ముఖం వంక చూశారు. ఎంత కనబడిందో ఆయనకే తెలియాలి.

"ఆపరేషన్ ఇక్కడే చేయించుకోండి," అన్నారు సుందరి గారు. "చుక్కలు నేను వేస్తా. రోజుకు నాలుగుసార్లు."

"నెల రోజులే వేస్తారండీ అవి."

"ఇంకో కన్ను ఉందిగా."

"రెండు కళ్ళూ అయిపోయాక?"

"అప్పటికి మీకు బాగా కనబడుతుంది. మీరే చూసుకుని చెప్పండి."

ఆయన నవ్వలేదు. మోకాళ్ళ బురద దులుపుకున్నారు. "ఏ వరసన వేస్తారు చుక్కలు?"

"వెనక నిలబడే మనిషి వరసన," అన్నారావిడ. "ఆగమని అడిగే వరస నాకు లేదు. అద్దంలోంచి తప్పుకునే వరస మాత్రం మీరే ఇచ్చారు."

చరిత అలాగే నిలబడిపోయింది. అరవై రెండేళ్ళ మనిషి, ఒక్క మాట కూడా అనకుండా, మూడడుగులతో అంత పెద్ద బండిని ఆపేసింది. ఏ కాలేజీలో చదివినా ఇది ఎవరూ నేర్పరని ఆమెకు అనిపించింది. తను చదువుకోలేదన్న బెంగ ఆ కాసేపు ఎటు పోయిందో కూడా తెలియలేదు. సున్నుండ ఆమె బుగ్గ నాకింది. స్ట్రోలర్‌లో కిట్టు నిద్రపోతున్నాడు. ఎంతసేపైందో, చరిత వాడి ముక్కు దగ్గర వేలు పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది. వెచ్చగా ఊపిరి తగిలింది. చూసింది, చాలు. వేలు తీసేసింది.

రెజైనాలో ఉన్న సుందరి గారి కూతురు అమృతకు ఆ రాత్రే ఫోన్ వెళ్ళింది. స్పీకర్‌లో అవతలి నుంచి ఒకే మాట వచ్చింది. "ఫైనల్లీ, మామ్." తర్వాత ఆ అమ్మాయి ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తుంటే, ఓదార్చడం తల్లి పనైంది.

బర్నబీ తమ్ముడు ఆపరేషన్‌కు విమానంలో వచ్చి, వారం ఉండి, సుందరి గారి పులిహోర తిని, "వదిన గారూ" అని పిలిచి వెళ్ళాడు. అలా వరస కుదిరింది.

ఆర్‌వీని జూన్ నెలలో కొత్తగా రిటైరైన జంట ఒకటి కొనుక్కుంది. రివర్సులో తీసేటప్పుడు వెనక నిలబడిన ఆవిడకు అమరేశ్వరరావు గారు రూలంతా చెప్పారు. బండి వీధి మలుపు తిరిగేదాకా చూశారు. అప్పుడు సుందరి గారు గడియారం చూసి, "మధ్యాహ్నం చుక్కల టైమైంది," అన్నారు.

ఇప్పుడు బేస్‌మెంట్‌లోకి ఎండ వస్తుంది. కిట్టు ఆ ఎండలో పాకుతాడు. కిటికీలో రోజూ పొద్దున రెండు జతల బూట్లు, నాలుగు బుల్లి కాళ్ళు వెళతాయి. వెళ్ళేటప్పుడు నీలం బూట్లు ఆగి, వాటి మనిషి వంగి, కిటికీ అద్దం మీద రెండుసార్లు తడుతుంది. లోపలినుంచి చరిత రెండుసార్లు తడుతుంది. కనబడ్డాం, బాగున్నాం అని. చరిత భయం పూర్తిగా పోలేదు. కానీ తనను చూసేవాళ్ళు కూడా ఉన్నారని తెలిశాక, అది ఒక మూల కూర్చోవడం నేర్చుకుంది.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక పని చెయ్యండి. మీకు రోజూ కనబడే మనిషి ఒకరు ఈ మధ్య మీ అద్దంలోంచి తప్పుకుని ఉంటారు. ఎవరో మీకే తెలుసు. కాస్త ఆగి, దిగి, వెళ్ళి ఒకసారి చూసి రండి.