బెజ్జం లేని యాంటెన్నా

"ఈ బండికి నువ్వొక్క బెజ్జం పెడితే, మా నాన్న నీకు రెండు పెడతాడట."

మార్లిస్ నోవోట్నీ మా రేడియో షాపు ముందు పికప్ ఆపి నాతో అన్న మొదటి మాట ఇది. మా శాండ్‌హిల్స్ గడ్డి కొండల్లో ఇంతకంటే మధురమైన పరిచయం ఎవరికీ జరిగి ఉండదు.

బండి కొత్తది. తన దూడల్ని కూడా అంత ప్రేమగా చూడని రేమండ్, ఆమె తండ్రి, చొక్కా చేత్తో బానెట్ తుడుస్తున్నాడు.

మార్లిస్‌కి ఊరి ఫైర్ దళంలో చేరాలని పట్టుదల. మా దగ్గర గడ్డి అంటుకుంటే ఎవరి పికప్‌లో వాళ్లు నీళ్ల ట్యాంకు వేసుకుని పరుగెత్తాలి. ఫోన్లకు సిగ్నల్ ఉండదు, బండిలో రేడియోనే దిక్కు. చీఫ్ డెల్బర్ట్ ఒకటే షరతు పెట్టాడు: శుక్రవారం కొండ అవతలి నుంచి ఆ రేడియోలో ఆమె గొంతు ఫైర్ స్టేషన్‌కి వినపడాలి. లేదంటే మంటల దగ్గరికి పంపడు, స్టేషన్‌లో కూర్చోబెట్టి శాండ్‌విచ్‌లు చేయిస్తాడు.

"బెజ్జం అక్కర్లేదు, అయస్కాంతంతో అంటుకునే యాంటెన్నా పెట్టేస్తా. రెండు నిమిషాల పని," అన్నాను, పదేళ్ల అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని.

టాపు మీద పెట్టాను. అది జారి, అద్దం మీదుగా దిగి, నా బూటు మీద పడింది.

"అల్యూమినియం బండికి అయస్కాంతం అంటుకోదని తెలీదా, మహానుభావా?"

"టెస్ట్ చేశానంతే."

"దేన్ని? నీ బూటునా?"

చేసేది లేక బానెట్ అంచుకి పట్టే క్లాంపు తీశాను. దాని కింది మరలు రంగు దాటి లోహాన్ని తాకాలి, లేకపోతే రేడియో సరిగ్గా పలకదు. కానీ రేమండ్ కళ్లు నా వేళ్ల మీదే ఉన్నాయి. రంగు జోలికి పోకుండా, ఎంతో మర్యాదగా బిగించాను.

శుక్రవారం స్టేషన్ రేడియోలో మార్లిస్ గొంతుకు బదులు పెనం మీద బేకన్ వేగుతున్న చప్పుడు వచ్చింది.

గంటలో తండ్రితో సహా నా ముందుంది.

"శాండ్‌విచ్ రొట్టెలు ఎంత మందంగా కొయ్యాలో కూడా నువ్వే చెప్పు, ఓరిన్."

"తప్పు నాదే, మార్లిస్. రంగు గీకలేదు. మీ నాన్నంటే భయమేసింది."

"గడ్డి తగలబడితే భయం లేదు, మా నాన్నంటే భయమా!"

నా చేతిలోని ఆకురాయి లాక్కుని, బానెట్ ఎత్తి, తండ్రి చూస్తుండగానే అంచున రంగు గీకేసింది. రేమండ్ కళ్లు మూసుకున్నాడు. నేను మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయాను. ఆ పిల్ల శాండ్‌విచ్‌లు చేస్తూ కూర్చుంటే నాకు ముద్ద దిగదని అప్పుడు తెలిసింది.

డెల్బర్ట్‌ని బతిమాలి ఇంకో అవకాశం ఇప్పించాను. రేమండ్ ఇంటికి వెళ్లిపోయాడు. ఆమె కొండ దాటింది, నేను స్టేషన్‌లో డెల్బర్ట్ పక్కన నిలబడ్డాను.

"స్టేషన్, వినిపిస్తోందా?"

పక్కన కూర్చుని అడిగినట్టుంది.

"పాసయ్యావమ్మాయ్," అన్నాడు డెల్బర్ట్. "ఇంకేమైనా చెప్పాలా?"

"ఓరిన్‌కి చెప్పాలి. అతనికి పని సరిగ్గా రాదు. తప్పు ఒప్పుకోవడం మాత్రం వచ్చు. అందుకే అతనంటే నాకిష్టం."

ఆ ఛానల్ ప్రతి ఇంటి వంటగదిలో, ప్రతి ట్రాక్టర్‌లో మోగుతూనే ఉంటుంది. ఊరంతా వింది. అందరికంటే ముందు రేమండ్ గొంతు వచ్చింది.

"ఆదివారం భోజనానికి రమ్మను. ఇక ఛానల్ వదలండి. ఎవరి గడ్డి తగలబడుతున్నా చెప్పుకునే దారి లేదు."

"నాకూ నువ్వంటే ప్రాణం, మార్లిస్!" అని అరిచాను.

అటునుంచి జవాబు లేదు. ఇంకా గట్టిగా అరిచాను.

డెల్బర్ట్ మైకు నా చేతిలో పెట్టాడు. "బటన్ నొక్కి చెప్పు అబ్బాయ్. పాపం, ఊరంతా ఎదురుచూస్తోంది."

నొక్కి, మళ్లీ చెప్పాను.