ఏడ్చేవాళ్ళు లేని పిల్ల

మిట్టమధ్యాహ్నం!

1974... ఆషాఢ అమావాస్య...

నడినెత్తిన నిప్పులు చెరగవలసిన సూర్యుణ్ణి కాటుకమబ్బులు మింగేశాయి. చోడవరం మీద పట్టపగలే కారుచీకటి దిగింది. బుచ్చయ్యపేట రోడ్డు పక్కన చెరుకుతోటలు పూనకం వచ్చినట్లు ఊగిపోతున్నాయి. ఫెళఫెళమంటూ పిడుగు! ఆ వెంటనే... ఎక్కడో గుడ్లగూబ కూత!

ఆ చీకట్లో, కారుణ్య బాలశరణాలయం వెనకగదిలో, ఎర్రపంచె కట్టి, నుదుట రక్తచందనం దిద్ది, ఒక కపాలం ముందు కూర్చున్నాడు నీచుడొకడు.

వాడి పేరు వేంకటరమణమూర్తి. ఆ శరణాలయానికి సూపరింటెండెంటు!

కొన్నేళ్ళ క్రితం కలరా చుట్టుపక్కల పల్లెల్ని ఊడ్చేసినప్పుడు, తల్లీతండ్రీ పోయిన పసివాళ్ళు రోడ్డున పడ్డారు. పాడుబడిన బెల్లం వండే షెడ్డొకటి అద్దెకు పుచ్చుకుని, వాళ్ళను చేరదీసిన ధర్మాత్ముడు ఇతడే. ఊరు చేతులెత్తి మొక్కింది. శరణాలయం కమిటీవారు శాలువా కప్పారు. జీపుల్లో వచ్చిన పెద్దమనుషులు పిల్లల చేతిలో అరటిపండు పెట్టి, ఫోటో దిగి, తమ దయాగుణానికి తామే మురిసిపోయి వెళ్ళిపోయేవారు. పిల్లల వీపుల మీది వాతలు ఒక్కడికీ కనబడలేదు. ఎలా కనబడతాయి? పుణ్యం మూటగట్టుకోవడానికి వచ్చినవాడు వీపులు చూడడు!

ఆ ధర్మాత్ముడి అసలు రూపం వేరు. కొండల్లో ఒక మాంత్రికుడి కాళ్ళు పిసికి కంకాళిని అనే క్షుద్రదేవత ఉపాసన నేర్చాడు. సిద్ధి కలిగితే చాలు... తను నోరు తెరిస్తే లోకం దాసోహమంటుంది! కానీ దానికి బలి కావాలి. చచ్చిపోతే ఏడ్చే మనిషి ఒక్కరైనా లేని పిల్ల కావాలి! అలాంటి పిల్లలు సంతలో దొరకరు. అందుకే శరణాలయం పెట్టాడు. అక్కడ ఏడుపు నిషిద్ధం. ఎవరికోసం ఎవరేడ్చినా బెత్తం విరిగేది. పిల్లల కళ్ళు క్రమంగా ఎండిపోయాయి. అది చూసి, తన పంట పండిందనుకున్నాడు ఆ మూర్ఖుడు!

ఆ రోజు వాడు ఎంచుకున్నది అచ్చియ్యమ్మని. చీడికాడ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల. వంటమనిషి దేముడమ్మ ఆ పిల్లకు తలంటి, ఎర్రగుడ్డ కట్టి తీసుకొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాబూ... ఈ గుంటతో ఏటి పని?"

"పూజ."

"పూజైతే తలుపులేటికి మూస్తన్నారు? ఆ పుర్రె ఏటి బాబూ?"

"నోరెత్తేవంటే నీ నాలుక కోసి ఈ గుండంలో వేస్తాను!"

దేముడమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మూర్తి ఆమె జుట్టు పట్టి ఈడ్చుకుపోయి, పిల్లలందరూ ఉన్న హాల్లోకి తోసి, బయట గడియ పెట్టేశాడు.

అచ్చియ్యమ్మ అడిగింది.

"పెద్దయ్యగోరూ... నానేటి తప్పు సేసేను?"

వాడు ఆమెను కపాలం ముందు కూలేశాడు. బలిపశువుకు జవాబెవడు చెబుతాడు?

బెల్లం వండే పాతపొయ్యే హోమగుండమైంది. ఎండుమిరపకాయలు, వెంట్రుకలు, నల్లకోడి నెత్తురు... మంట భగ్గుమంది! "హ్రీం... క్రీం... ఫట్!" కపాలం కళ్ళగుంటల్లో ఎర్రటి వెలుగు! అచ్చియ్యమ్మ గావుకేక పెట్టింది. మరుక్షణం ఆమె పాదాలు నేలను విడిచాయి... జుట్టు విరబోసుకుంది... ఆ లేతగొంతులోంచి పాతాళంలో బండలు దొర్లినట్లు ఒక స్వరం!

"ఎవడురా నన్ను పిలిచింది?"

"నేను తల్లీ! నీ దాసుణ్ణి! బలి స్వీకరించు!"

"ఈ పిల్లకోసం ఏడ్చేవాళ్ళెవరు?"

"ఒక్కరూ లేరు తల్లీ! దిక్కులేని ముండ!"

గోడ అవతల, ఆ గావుకేకా, ఆ మాటా విన్న దేముడమ్మ తలుపు మీద పిడికిళ్ళతో బాదుతోంది. తలుపు కదలలేదు. అప్పుడామె కుప్పకూలి, గుండెలు బాదుకుంటూ గొల్లుమంది.

"ఒలమ్మా, నా తల్లీ! నీకెవులూ లేరన్నాడే! నాను సచ్చిపోయేననుకున్నాడేటే!"

పిల్లలు బిత్తరపోయి చూశారు. ఏడిస్తే దెబ్బలు! అచ్చియ్యమ్మ పక్కన పడుకునే చిన్నపిల్ల పెదవి ముందుగా వణికింది. "అచ్చియ్యక్కా!" అని బావురుమంది. అంతే... ఏళ్ళ తరబడి గొంతుల్లో తొక్కిపెట్టిన ఏడుపంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది! రేకుల కప్పు దద్దరిల్లింది! పిడుగులు ఆ ఏడుపులో వినబడకుండా పోయాయి!

కంకాళిని వికటంగా నవ్వింది.

"విషం పెడతావురా నాకు? కన్నీళ్ళు కార్చేవాళ్ళున్న ప్రాణం నేను ముట్టను. కానీ ఆకలితో వచ్చాను... వట్టి కడుపుతో పోను. చెప్పు! నీకోసం ఏడ్చేవాళ్ళెవరు?"

మూర్తి వెనక్కి జరిగాడు.

"నా... నా భార్య!"

"నువ్వు తన్ని తరిమేశాక, నీ పేరు చెబితే ఉమ్మేస్తోంది!"

"కమిటీ వారు! ఊళ్ళో పెద్దలు!"

కపాలం పకపకా నవ్వింది.

లోకాన్నంతా దాసోహమనిపించదలచిన మహామాంత్రికుడు మోకాళ్ళ మీద పడ్డాడు. ముక్కు చీదుతూ, చొంగ కారుస్తూ, "నేను ఏడుస్తున్నాను తల్లీ! నాకోసం నేనే ఏడుస్తున్నాను!" అని పొర్లాడు.

"నీ ఏడుపు చెల్లదురా కుక్కా!"

గుండంలోంచి నల్లటి చేతులు లేచాయి. వాడి కాళ్ళు పట్టి గుండంలోకి లాగేశాయి. ఒక్క అరుపు... ఎముకలు విరిగిన చప్పుడు... ఆపైన మంట దానంతటదే చల్లారింది. కపాలం పగిలి పిండైంది.

వాన దబదబా కురిసింది. పెద్దపిల్లలందరూ ఒక్కసారిగా మీదపడి హాలు తలుపు విరగ్గొట్టారు. దేముడమ్మ పరుగున వచ్చి, నేల మీద పడివున్న అచ్చియ్యమ్మను ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల కళ్ళు తెరిచింది.

"పిన్నీ... ఆకలేస్తంది."

దేముడమ్మ కొట్టుగది తాళం బద్దలుకొట్టింది. దాతలిచ్చిన నెయ్యి, కందిపప్పు, సన్నబియ్యం... పిల్లల నోటికి ఏనాడూ అందనివన్నీ పొయ్యెక్కాయి.

సాయంత్రం కమిటీ జీపు వచ్చి ఆగింది. మూర్తిగారి సన్మానానికి తేదీ ఖరారు చెయ్యాలిట! ప్రెసిడెంటు సత్యారావు గొడుగు కింద నిలబడి గుమ్మంలోంచే అడిగాడు.

"మూర్తిగారేరీ?"

దేముడమ్మ వడ్డన ఆపలేదు.

"ఎనకగదిలో బూడిదై ఉన్నారు. మీ మనిసే కదా బాబూ... ఎల్లి ఏడండి."

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవడూ లోపలికి అడుగు వెయ్యలేదు. సత్యారావు గొడుగు ముడిచి, జీపెక్కి, డ్రైవరును తొందరపెట్టాడు.