మొట్టికాయలు వేసుకున్న లామా

"ఆడే నిలబడవే!"

వెనక నుంచి మామయ్య కేక. ఆయన చేతిలో పిస్టల్!

సంయుక్త నిలబడదు. పరుగు!

ఇంకా తెల్లారలేదు. హిమాలయాల్లోని మెక్లాడ్‌గంజ్ కొండంతా మంచు. చెన్నైలోని చూలై వీధుల్లో పెరిగిన ప్రాణం ఈ చలికి తట్టుకోలేకపోతోంది. అయినా చేతిలో సంచి వదల్లేదు.

అందులో జానెడు ఇత్తడి విగ్రహం. బౌద్ధుల దేవత తారాదేవి.

నిన్న డోల్మా అనే టిబెటన్ ముసలామె మామయ్యనీ తననీ ఇంటికి పిలిచి ఉప్పు టీ పోసింది. రేకుపెట్టె తెరిచి ఈ విగ్రహం చూపించింది. టిబెట్ వదిలి పారిపోయి వస్తున్నప్పుడు వాళ్లమ్మ దీన్ని కడుపుకి కట్టుకుని మంచుకొండలు దాటిందట. అమ్మ గుర్తుగా మిగిలింది ఇదొక్కటేనట.

మామయ్య వెంకటపతి చేతులు జోడించాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు!

రాత్రి చూస్తే... విగ్రహం సంయుక్త పెట్టెలో! ఆమె చుడీదార్ల మడతల్లో!

"ఆడపిల్ల పెట్టె ఎవురూ సరిగా చూడరు పాపా," అన్నాడు మామయ్య, పళ్లు కుట్టుకుంటూ.

థూ!

టూరంటే సంబరంగా వచ్చింది. ఇందుకా తీసుకొచ్చాడు? చూలైలో ఆయన పాత విగ్రహాల కొట్టు ఇట్లానా నిండింది? ఇన్నేళ్లూ ఆ ఇంట్లో తను తిన్న తిండి ఈ డబ్బుతోనా?

నమ్మకం ఒక్కడి మీదే. బావ శివరామ్. మామయ్య కొడుకే. వచ్చే నెల ఆమెకి కాబోయే మొగుడు. చెన్నైలోనే ఉండిపోయాడు. రాత్రే అతనికి ఫోన్ చేసింది.

"నాయిన చేసే పని నాకూ అసహ్యమే సంయుక్తా! ఆ అవ్వ ఇంటికి పోవద్దు, ఆడ నాయిన ఎవుర్నో కాపలా పెట్టుంటాడు. తెల్లారకముందే బుద్ధుడి గుడి చుట్టూ తిరిగే దారికి పో. మాస్క్ వేసుకున్న లామా ఒకాయన వస్తాడు. సంచి ఆయనకిచ్చెయ్. అవ్వకి చేరుస్తాడు."

అదే దారి. పక్కనే వరసగా ప్రార్థన చక్రాలు.

మలుపు తిరిగింది. మామయ్య అడుగుల చప్పుడు దూరమైంది.

అడుగో... లామా!

మెరూన్ బట్టలు. తలమీదుగా శాలువా. ముఖానికి మాస్క్. రాతి బుద్ధుడి ముందు, దీపం దగ్గర నిలబడ్డాడు.

అమ్మయ్య! సంయుక్త సంచి అందించబోయింది.

లామా బుద్ధుడి వైపు తిరిగాడు. రెండు చేతులూ అడ్డంగా వేసి, కణతల మీద టక్ టక్ టక్‌మని మొట్టుకున్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

మొట్టికాయలా? చెన్నైలో పిళ్లయార్ గుడిలో, వినాయకుడి ముందు వేసుకునే మొట్టికాయలా? టిబెటన్ లామాకి ఈ అలవాటెక్కడిది!

బైక్ మీద పోతూ కూడా ప్రతి గుడి ముందూ ఆపి, సరిగ్గా ఇట్లా మూడుసార్లు మొట్టుకునే మనిషి ఆమెకి ఒక్కడే తెలుసు.

"బావా...? నువ్వు చెన్నైలో కదా...?"

మాస్క్ పైన కళ్లు బెదిరాయి.

"అరవబాక! మీ ఎనకాలే వచ్చినా. నాయినకి తెలిసిందంటే చంపేస్తాడు. ఇట్లియ్యి. దీన్ని నేనే అమ్మేస్తా. మన పెళ్లయినాక హాయిగా ఉండచ్చు!"

ఛీ! ఈ చేత్తోనా తాళి కట్టించుకోబోయింది? ఒళ్లంతా తేళ్లు పాకినట్టుంది.

అప్పుడే మంచులోంచి మాలలు తిప్పుకుంటూ ముసలివాళ్ల గుంపు వచ్చింది. రోజూ ఈ వేళకి గుడి చుట్టూ తిరిగేవాళ్లే. ముందు... డోల్మా!

డోల్మా మెరూన్ బట్టలు చూసింది. భక్తిగా వచ్చి, తల వంచింది. ఆశీర్వాదం కోసం.

దొంగ ముందు! తన విగ్రహం కాజెయ్యబోయిన దొంగ ముందు!

అంతమంది చూస్తున్నారు. చేసేది లేక శివరామ్ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

సంయుక్త ఇంక ఆగలేకపోయింది. సంచిలోంచి విగ్రహం లాగి డోల్మా చేతుల్లో పెట్టేసింది.

"మీదే అవ్వా! గట్టిగా పట్టుకోండి!"

శివరామ్ విగ్రహం మీదికి దూకాడు.

"రేయ్ లామా! ముట్టుకోవద్దురా దాన్ని!" మలుపులోంచి మామయ్య అరుపు.

ఢాం!

లామా కుప్పకూలాడు. ముసలివాళ్లు హాహాకారాలు చేశారు.

మామయ్య పరుగున వచ్చాడు. పడ్డ మనిషి వైపు చూడనైనా చూడలేదు. అతన్ని దాటుకుని, డోల్మా చేతుల్లోని విగ్రహం మీదికి చెయ్యి చాపాడు.

"ఇయ్యి ముసల్దానా!"

డోల్మా ఇవ్వలేదు. గుండెకి హత్తుకుంది.

కాళ్ల దగ్గర, మాస్క్ వెనక నుంచి, సన్నగా ఒక మూలుగు.

"నాయినా..."